మోకాళ్లు బాగున్నవాళ్ల బడ్జెట్

మొన్న ఉగాది నాడు బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న తెలుగువాళ్లమంతా కింద హాల్లో కలిశాం. పచ్చడి అయింది, పులిహోర ప్లేట్లు చేతుల్లోకి వచ్చాయి, వేసవి సెలవులకు ఎవరెక్కడికి వెళ్తున్నారన్న మాట మొదలైంది. మూడో అంతస్తు అబ్బాయి, ఇంకా పెళ్లికాలేదు, "గోవా వెళ్లొచ్చాం అక్కా. నలుగురికి ముప్పై వేలు. బస్సు, రూము, తిండి, అన్నీ కలిపి" అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయన నా వైపు చూడకుండా పులిహోరలో వేరుశెనగలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. మా గోవా లెక్క ఆయనకింకా గుర్తుంది మరి.

ఆ అబ్బాయి గొప్పలు చెబుతున్నాడనుకుని లెక్క అడిగాను. టకటకా చెప్పాడు. స్లీపర్ బస్సు మనిషికి రానూపోనూ 2,400, అంటే 9,600. ఇద్దరికొకటి చొప్పున రెండు స్కూటర్లు, రోజుకు ఒక్కోటి 400, మూడు రోజులకు 2,400. పెట్రోలు 600. నలుగురూ సర్దుకున్న ఒక్క గది, మూడు రాత్రులకు 6,000. మిగిలిన 11,400 తిండికీ "ఇంకా వేరేవాటికీ". వేరేవి ఏమిటో పండగ పూట అడగలేదు.

లెక్కలో ఒక్క తప్పూ లేదు. నాకు మాత్రం పనికిరాదు. మా ఇంట్లో నలుగురంటే నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల కొడుకు, అరవై ఎనిమిదేళ్ల మా అత్త. అత్తకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. బస్సులో పై బెర్తు ఎక్కలేదు, స్కూటర్ వెనక కూర్చోలేదు, ఇసుకలో వంద అడుగులు వేస్తే ఎక్కడైనా కూర్చోవాలి. సెలవుల ముందు మనం చూసే వీడియోలు, "ఐదు వేలలో గోవా" అనే లెక్కలు, అన్నీ మోకాళ్లు బాగున్నవాళ్లు వేసినవే. వాటిని చూసి మనమూ టికెట్ దగ్గర బడ్జెట్ మొదలుపెడతాం. అసలు తప్పు అక్కడే జరుగుతుందని నా వాదన. గోవాలాంటి చోటికి బడ్జెట్ వేసేటప్పుడు మొదటి గీత టికెట్‌ది కాకూడదు. దిగాక రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం, మనలో అందరికంటే తక్కువ నడవగలిగే మనిషి ఆ కిలోమీటర్లు ఎలా తిరుగుతుంది, ఆ గీత ముందు రాయాలి. టికెట్, గది ఆ తర్వాతే.

ఈ మాట ఊరికే అనడం లేదు. రెండు ట్రిప్పుల లెక్కలు నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. టీచర్‌ని కాబట్టి రాసిపెట్టే జబ్బు ఉంది.

మిస్లేనియస్ 5,000

మొదటిసారి 2024 జనవరిలో వెళ్లాం. 26వ తేదీ శుక్రవారం పడింది. బెంగళూరులో శుక్రవారం సెలవంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు, ఊరు ఊరంతా ఏదో ఒక సముద్రం వైపు కదులుతుంది. ఫ్లైట్ టికెట్లకు మా ఆయన నెల రోజులు కూర్చున్నాడు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ధర చూసుకోవడం, "నిన్నటికి రెండొందలు పెరిగింది" అని నిట్టూర్చడం. గోవాకు రెండు విమానాశ్రయాలు. వాస్కో పక్కన నౌకాదళం స్థావరంలో ఉన్న పాతది డాబోలిం. ఉత్తరాన పెర్నెం తాలూకాలో ఉన్నది మోపా, అది మొదలై అప్పటికి సరిగ్గా ఏడాది. మోపాకు టికెట్ 400 తక్కువ చూపించింది. నలుగురికి పోను 1,600, రాను 1,600. మా ఆయన టక్కున నొక్కేశాడు.

గదేమో నేను చూశాను. పాలోలెంలో, సముద్రానికి రెండు నిమిషాల నడక, రాత్రికి 2,200. ఇంకో పరుపుకు 500. ఇద్దరం ఎవరి పని వాళ్లు బ్రహ్మాండంగా చేశాం. మేం మ్యాప్ తెరవలేదంతే.

గోవా చిన్న రాష్ట్రం, ఎక్కడ దిగితే ఏముందిలే అనుకున్నాం. విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లు. మా అనంతపురం వాళ్ల లెక్కకు అదొక రాష్ట్రమే కాదు, ఒక రెవెన్యూ డివిజన్. కానీ నిలువుగా ఉంటుంది. పై కొస నుంచి కింది కొసకు వంద కిలోమీటర్ల పైనే. మోపా పై కొస, పాలోలెం కింది కొస. మేం దిగింది ఒక చివర, పడుకోవాల్సింది ఇంకో చివర.

టాక్సీ 4,200 అన్నారు. డాబోలింలో దిగి ఉంటే పాలోలెంకు 2,600 అయ్యేదని డ్రైవరే తర్వాత చెప్పాడు. తేడా 1,600. టికెట్‌లో మిగిలింది కూడా 1,600. పైసాతో సహా సరిపోయింది. మాకు మిగిలిందల్లా అదనంగా గంటకు పైగా కారులో కూర్చోవడం, దారిలో బాబు వాంతి, ఆ వాంతికి డ్రైవర్ ముఖం.

మొత్తం లెక్క ఇదీ. టికెట్లు నలుగురికి రానూపోనూ 26,120. ఆ ధర స్క్రీన్ మీద కనిపించినది. చివర్లో కన్వీనియన్స్ ఫీజు, అత్త పక్కన ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి సీట్లకు డబ్బు, కలిపి 4,000. బన్నేరుఘట్ట రోడ్డులో మా ఇంటి నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి పోవడానికి క్యాబ్, అర్ధరాత్రి తిరిగి రావడానికి క్యాబ్, 3,550. మోపా నుంచి పాలోలెం, మళ్లీ పాలోలెం నుంచి మోపా, 8,400. పాలోలెం నుంచి పాత గోవా, పణజీ చూసి రావడానికి రోజంతా టాక్సీ 4,000. మా ఆయనకు ఉత్తరాన ఉన్న కలంగూట్ బీచ్ చూడకపోతే గోవా చూసినట్టు కాదట, దానికి ఇంకో రోజు 5,000. చిన్నాచితకా 1,100. కూడితే 52,170.

టికెట్ 26,120, ప్రయాణం 52,170. నెల రోజులు నిద్ర చెడగొట్టుకుని వేటాడింది ఖర్చులో సగం మాత్రమే. ఆ రెండో సగానికి మా బడ్జెట్ పేజీలో ఉన్నది ఒకే ఒక్క లైను, అదీ నా చేతిరాతే: "లోకల్, మిస్లేనియస్: 5,000".

ఆ ట్రిప్పులో మేం గొడవపడింది కూడా ఆ లైను గురించే. మూడోరోజు రాత్రి, కలంగూట్ నుంచి రెండున్నర గంటలు కారులో వచ్చాక, అత్త మంచం మీద కాళ్లు చాపుకుని "సముద్రం కంటే కారే ఎక్కువ చూసినట్టుంది నాయనా" అంది కొడుకుతో. ఆమె నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అంది. మా ఇద్దరికీ మాత్రం అది ఎక్కడో తగిలింది. "కలంగూట్ ఎవరికి కావాలి?" అని నేను, "పాలోలెం ఎవరు బుక్ చేశారు?" అని ఆయన.

టాక్సీవాళ్ల సంగతి

గోవా నుంచి వచ్చినవాళ్లెవరైనా ముందు తిట్టేది టాక్సీలను. నేనూ తిట్టాను. మేం వెళ్లిన రెండుసార్లూ ఓలా, ఊబర్ అక్కడ లేవు. గోవామైల్స్ అని 2018లో వచ్చిన యాప్ ఉంది, దానికీ స్థానిక టాక్సీవాళ్లకూ పడదు. మీటర్ మీద నడిచే టాక్సీ మాకైతే కనపడలేదు. బెంగళూరు నుంచి వెళ్లినవాళ్లకు పది కిలోమీటర్లకు అడిగే రేటు వినగానే గుండె ఆగినంత పనవుతుంది.

మమ్మల్ని తిప్పిన డ్రైవర్‌తో పాత గోవా దారిలో ఇదే ఎత్తాను. యాభై దాటిన మనిషి, హిందీ నెమ్మదిగా మాట్లాడతాడు. ఆయన నాతో వాదన పెట్టుకోలేదు, లెక్క చెప్పాడు. "మిమ్మల్ని మోపాలో దింపాక నన్ను ఖాళీగా పంపిస్తారు. అక్కడి స్టాండ్‌లో నేను నిలబడకూడదు, వాళ్ల వంతు వాళ్లది. మీకు వంద కిలోమీటర్లు, నాకు రెండొందలు." ఆ తర్వాత వానల సంగతి. జూన్ వచ్చిందంటే పాలోలెంలో గుడిసెలు విప్పి కట్టలు కడతారు, ఒడ్డు మీది షాకులు, అంటే తాత్కాలిక హోటళ్లు, ఎత్తేస్తారు, రెండు నెలలు చేపల వేట కూడా ఆపేస్తారు. నాలుగు నెలలు బండి ఇంటి ముందు ఉంటుంది, బండి మీద అప్పు మాత్రం నెలనెలా కట్టాలి.

విన్నాక నాకు రేటు తక్కువనిపించలేదు. మోసమని మాత్రం అనిపించలేదు. మన బెంగళూరు ఆటోవాళ్లు వాన పడితే "మీటర్ మేలే యాభై", మీటర్ మీద ఇంకో యాభై, అంటే ఇస్తున్నాం కదా. నిజానికి ఆ రేట్లు దాచినవి కావు, అడిగితే ముందే చెప్పేవారు. అడగని తప్పు మాది. టికెట్ ధర రోజుకు రెండుసార్లు చూసిన మనుషులం, టాక్సీ ధర ఒక్కసారి కూడా కనుక్కోలేదు. పాలోలెంలో గది ఇచ్చినాయనకు ఒక్క ఫోన్ చేస్తే చెప్పేవాడు.

రెండోసారి

అదే ఏడాది దసరా సెలవుల్లో మళ్లీ వెళ్లాం. అత్తే అడిగింది, "ఈసారి మెల్లగా పోదాం" అని. పంతం నాకుంది కాబట్టి ప్లాన్ మొత్తం నాకు వదిలేయమన్నాను.

ఈసారి నోట్‌బుక్‌లో మొదటి పేజీలో టికెట్ ధర రాయలేదు. ఏమేం చూడాలో నలుగురినీ అడిగి రాశాను. అత్తకు గుళ్లు, కూర్చుని చూసే సముద్రం. బాబుకు నీళ్లు, ఇసుక, ఏదో ఒక పడవ. మా ఆయనకు చేపలు, స్కూటర్. నాకు పాత ఇళ్లున్న వీధులు. మ్యాప్ మీద చుక్కలు పెట్టి చూస్తే రెండు గుంపులయ్యాయి. ఒకటి పాలోలెం దగ్గర, ఇంకోటి పణజీ చుట్టూ. గది ఒక్కచోటే తీసుకుని రోజూ పొద్దున వెళ్లి రాత్రి రావడం ఎందుకు? రెండు రాత్రులు అక్కడ, రెండు రాత్రులు ఇక్కడ ఉందాం అనుకున్నాం. పణజీలో గది రాత్రికి 4,100. మా ఆయన "నగరంలో గదికి నాలుగు వేలా, సముద్రం కూడా కనపడదే" అన్నాడు. కనపడదు. కానీ తలుపు తీస్తే పాత ఇళ్లున్న ఫొంటెయిన్యాస్ వీధులు, కదంబ అనే గోవా ప్రభుత్వ బస్సుల స్టాండ్‌కు ఆటో కూడా అక్కర్లేని దూరం, మాండవి నది ఒడ్డు సాయంత్రం అత్త కూడా నడవగలిగినంత దగ్గర.

గదుల ఖర్చు మొదటిసారి 12 శాతం జీఎస్టీతో కలిపి 12,096. రెండోసారి 15,008. అంటే మూడు వేలు ఎక్కువ. (2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతమే. ఆ పైన 18. కాబట్టి 7,600 గది చూస్తే ఒక వంద తగ్గించమని అడిగి చూడండి, తేడా వందతో ఆగదు.)

పోవడానికి కార్వార్ రైలు పట్టుకున్నాం. యశ్వంతపూర్ నుంచి వాస్కో పోయే రైలు అందరికీ తెలుసు, దూద్‌సాగర్ పక్క నుంచి పోతుంది కాబట్టి దానికి పేరెక్కువ. మేం వెళ్లేది దక్షిణ కొసకు కాబట్టి నాకు కార్వార్ పోయే పంచగంగ ఎక్స్‌ప్రెస్ నచ్చింది. సాయంత్రం బెంగళూరులో ఎక్కితే పొద్దున ఎనిమిది దాటాక కార్వార్. అక్కడి నుంచి గోవా సరిహద్దు పక్కనే, పాలోలెం నలభై కిలోమీటర్ల లోపే. మడ్గావ్ పోయే బస్సు ఎక్కితే పాలోలెం పక్కనున్న కాణకోణలో దింపుతుంది. కాళీ నది మీద పాత వంతెన ఆ ఆగస్టులోనే కూలింది, బస్సులన్నీ పక్కనున్న కొత్త వంతెన మీద నుంచే పోతున్నాయి. అత్త కిటికీ పక్కన కూర్చుని నది దాటేదాకా దేవుడి పేర్లు చదివింది.

త్రీ ఏసీ నలుగురికి రానూపోనూ 9,240. బాబుకు బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. "నాకు సగమే కదా?" అంది అత్త. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో తీసేశారు, ఇంతవరకూ మళ్లీ ఇవ్వలేదని చెబితే, ఇన్నాళ్లూ తనకు సగమే పడుతోందనుకుని ధీమాగా రైలెక్కుతున్నానని నవ్వింది. అప్పట్లో 120 రోజుల ముందే బుక్ చేసుకోవచ్చు కాబట్టి కింది బెర్తు దొరికింది. ఇప్పుడు 60 రోజులే. పండగ రోజులకైతే అరవయ్యో రోజు పొద్దున ఫోన్ పట్టుకుని కూర్చోవడమే.

మిగతా ఖర్చు గబగబా చెప్పేస్తాను. బెంగళూరులో స్టేషన్‌కు పోనూ రానూ క్యాబ్ 1,400. కార్వార్ నుంచి పాలోలెం ఆటో, బస్సు కలిపి 560. పాలోలెంలో మా ఆయనా బాబూ తిరిగిన స్కూటర్, పెట్రోలు, మా అత్తాకోడళ్ల ఆటోలు, 1,500. స్కూటర్ తీసుకునేటప్పుడు నంబర్ ప్లేటు నల్లగా, అక్షరాలు పసుపుగా ఉన్నాయా చూసుకోండి. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానికి, దాన్ని అద్దెకివ్వకూడదు, పోలీసులు ఆపితే ఇబ్బంది మనది. పాలోలెం నుంచి పణజీ బస్సుల్లో 640. మడ్గావ్ నుంచి పణజీకి ఎక్కడా ఆగని కదంబ బస్సు ఉంటుంది, గంట ప్రయాణం. మంగేశీ, శాంతాదుర్గ గుళ్లకు మాత్రం టాక్సీ, 2,600. పణజీలో బస్సులు, ఆటోలు 480. తిరిగి కార్వార్ చేరడానికి 980. మొత్తం 17,400.

మా ఆయన అభ్యంతరాలు

52,170 ఎక్కడ, 17,400 ఎక్కడ? తేడా 34,770. ఇంటికొచ్చాక నోట్‌బుక్ ఆయన ముందు పెట్టాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆడిటింగ్ మొదలుపెట్టాడు.

మొదటి అభ్యంతరం: జనవరి 26 లాంగ్ వీకెండ్‌ను, అక్టోబరులో మామూలు సోమవారాన్ని పక్కపక్కన పెట్టడం న్యాయమేనా? కాదు. ఒప్పుకుంటున్నాను. ఆ అక్టోబరు తేదీలకు ఫ్లైట్ ధర నేను కూడా చూశాను, జనవరి కంటే బాగా తక్కువే ఉంది. ఒక నెల ఆలస్యంగా వెళ్లి ఉంటే కథ ఇంకోలా ఉండేది. నవంబరు 21 నుంచి పాత గోవాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పార్థివ దేహాన్ని పదేళ్లకోసారి దర్శనానికి పెట్టే ఉత్సవం ఉంది. మేం వెళ్లినప్పుడు ఆ ఏర్పాట్లే జరుగుతున్నాయి. అప్పుడు నా 4,100 గది ఆ ధరకు దొరికేదా? అనుమానమే.

రెండోది: సెలవులు. మొదటిసారి ఆయనకు రెండు సెలవులు ఖర్చయ్యాయి, రెండోసారి ఐదు. నాకు, బాబుకు దసరా సెలవులు కాబట్టి తెలియలేదు. "నా మూడు రోజుల ధర ఏ గీతలో రాశావు?" అన్నాడు. రాయలేదు. ఐటీలో ఉన్నవాళ్లకు రోజు జీతం లెక్క కట్టి చూస్తే ఫ్లైటే చవక అని తేలుతుంది, తెలుసు. దీనికి నా దగ్గర సగం సమాధానమే ఉంది. ఆ మూడు సెలవులూ ఆయన అమ్ముకునేవి కాదు, ప్రతి డిసెంబరులో వృథాగా పోయేవే. ఏడాదికి పన్నెండు సెలవులతో నెట్టుకొచ్చేవాళ్లకు మాత్రం నా మాట చెల్లదు.

మూడోదే గట్టిది. పెన్సిల్ తీసుకుని లెక్క వేశాడు. 34,770లో టికెట్ల తేడా ఎంత? ఫీజులతో కలిపి ఫ్లైట్ 30,120, రైలు 9,240. అంటే 20,880. "మిగిలినదాంట్లో అరవై శాతం టికెట్ వల్లే మిగిలింది. టికెట్ ముఖ్యం కాదని ఎలా అంటావు?"

దీనికి రెండు రోజులు సమాధానం చెప్పలేకపోయాను. లెక్క కరెక్టే. తర్వాత నాకు తోచింది ఏమిటంటే, ఆయన అడిగేది ఎక్కడ ఎక్కువ మిగిలిందని, నేను అడిగేది బడ్జెట్ ఎక్కడ తప్పిందని. రెండూ ఒకటి కావు. ఫ్లైట్ టికెట్ ఖరీదు మాకు ముందే రూపాయితో సహా తెలుసు. తెలిసే కొన్నాం, ఇష్టం లేకపోతే మానేసేవాళ్లం. ఆ 26,120 గురించి మేం గోవాలో ఒక్క మాట అనుకోలేదు. దిగాక అయిన ప్రయాణానికి 5,000 రాసుకున్నాం, 18,500 అయింది. నాలుగింతలకు దగ్గర. రెండోసారి అదే పద్దు 6,760. నేను ముందుగా రాసుకున్నది 7,000. ఆ ట్రిప్పులో ఎవరూ ఎవరినీ "ఎవరు బుక్ చేశారు" అని అడగలేదు. నా దృష్టిలో బడ్జెట్ సరిగ్గా వేయడమంటే అదీ. తక్కువలో తిరిగి రావడం వేరే విద్య, అది మూడో అంతస్తు అబ్బాయికి వచ్చు.

ముందే తెలిసే ఖర్చు మీద నెల రోజులు బుర్ర పాడుచేసుకుంటాం. తెలియనిదాన్ని "మిస్లేనియస్" అని ఒక గుండ్రటి అంకె వేసి మూత పెడతాం.

కారు సంగతి

ఇది రాయకపోతే మా బావ ఊరుకోడు. "నలుగురున్నారు, ఇంట్లో కారుంది, ఆ రైళ్లేంటి, ఆ బస్సులేంటి?" అని రెండుసార్లూ అన్నాడు. నా వాదన ప్రకారమే చూస్తే కారుదే గెలుపు కావాలి. దిగాక తిరిగే కిలోమీటర్లన్నీ మన చేతిలోనే ఉంటాయి, అత్తకు ముందు సీటు, సామాను మోత లేదు. బెంగళూరు నుంచి ఆరొందల కిలోమీటర్లకు కొంచెం అటూఇటు. రానూపోనూ, అక్కడ తిరిగేది కలిపి పదిహేను వందలు వేసుకుంటే, మా కారుకు వంద లీటర్లు. అంటే పది వేలు దాటుతుంది, టోళ్లు వేరే. 2025 ఆగస్టులో 3,000 రూపాయలతో మొదలైన ఏడాది ఫాస్టాగ్ పాసు ఉంటే జాతీయ రహదారుల మీద టోళ్ల బాధ కూడా తగ్గుతుంది. రైలుకు కాస్త అటూఇటుగా సరిపోతుంది.

వెళ్లలేదు. కారణం మళ్లీ మోకాళ్లే. పన్నెండు గంటలు కాళ్లు మడిచి కూర్చుంటే అత్త మర్నాడు లేవలేదు. రైల్లో పడుకుని వచ్చింది. మధ్యలో హుబ్బళ్లిలో ఒక రాత్రి ఆగితే అది ఇంకో గది, ఇంకో సెలవు. నడిపేది ఒక్కడే, ఘాట్ రోడ్డు దిగి వెళ్లినవాడు గోవాలో మొదటి రోజంతా నిద్రపోతాడు. ఇద్దరు డ్రైవర్లు, నలభై లోపు నడుములు ఉన్న ఇంట్లోవాళ్లు కారులోనే వెళ్లండి, నేను చెప్పినదంతా మర్చిపోండి.

ఒక్క పైసా పడని ప్రయాణం

పణజీలో రెండో రోజు గుళ్ల నుంచి వచ్చేసరికి మూడైంది. నది ఒడ్డున ఫెర్రీ ఆగి ఉంది, ఎదుటి ఒడ్డున బేతిం. బాబుకు పడవ ప్రామిస్ చేసి ఉన్నాను. సాయంత్రం తిరిగే క్రూయిజ్ పడవలకు మనిషికింత అని టికెట్ ఉంది, నేను దానికి నోట్‌బుక్‌లో డబ్బు కూడా కేటాయించాను. ఫెర్రీ దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. నడిచి ఎక్కేవాళ్లకు టికెట్ లేదు.

అత్త నమ్మలేదు. "ఊరికే ఎట్ల ఎక్కించుకుంటారు? అవతల పట్టుకుంటారేమో, అడుగమ్మా" అంది. తాడు పట్టుకున్నతన్ని అడిగాను, తల ఊపి ఎక్కమన్నాడు. అంతకు ముందు రోజు అక్కడ బైక్ టాక్సీ నడిపేవాళ్లను పైలట్ అంటారని చెబితే, విమానం నడిపేవాడికి ఇదేం ఖర్మ అని జాలిపడిన మనిషి, ఇప్పుడు స్కూటర్ల మధ్య ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎవరో లేచి చోటిచ్చారు. కాళ్లు చాపుకుని కూర్చుంది. అవతలి ఒడ్డు చేరాం, దిగలేదు. అదే పడవలో వెనక్కి వచ్చాం. మళ్లీ వెళ్లాం. కొంగలు, ఇనుప ఖనిజం మోసే పెద్ద పడవ, వంతెన కింద నుంచి వెలుగు. ఈసారి అత్త సముద్రం కంటే కారు ఎక్కువ చూశానని అనలేదు.

మూడో విడతకు వాన మొదలైంది. ఒడ్డు మీద చిన్న హోటల్లోకి పరిగెత్తాం, అంటే వాళ్లు పరిగెత్తారు, నేనూ అత్తా మెల్లగా వెళ్లాం. ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో రెండే గీతలు ఉన్నాయి. టీ, పావ్, మిరపకాయ బజ్జీలు 140. పడవ, నాలుగుసార్లు, నలుగురికి, 0. ఆ సున్నా పక్కన బాబు పెన్సిల్‌తో పడవ బొమ్మ వేశాడు. క్రూయిజ్‌కు పెట్టుకున్న డబ్బుతో మా ఆయన రాత్రి చేపల వేపుడు రెండు ప్లేట్లు తిన్నాడు. అది ప్రయాణం పద్దులో రాయమన్నాడు, నేను రాయలేదు.